గులాబీ ఈస్ట్ నుంచి రంగు తీయాలి: అసిటోన్ పోసినా రంగు దిగట్లేదు, సాయం చేయండి

ఓరుగల్లు_మైక్రో:
అందరికీ నమస్తే. నేను హన్మకొండలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. సూక్ష్మజీవుల నుంచి సహజ రంగులు అనే అంశం మీద ప్రాజెక్టు చేస్తున్నాను. నర్సంపేట వైపు మా మేనమామ వాళ్ల మిర్చి చేనులో ఆకులు కోసుకొచ్చి, స్టెరైల్ నీళ్లలో కడిగి, ఆ నీళ్లను పొటాటో డెక్స్‌ట్రోజ్ అగార్ అనే పోషక జెల్లీ మీద పరిచాను. బ్యాక్టీరియా లేవకుండా క్లోరాంఫెనికాల్ కలిపాను. 28 డిగ్రీల దగ్గర పెడితే మూడు నాలుగు రోజుల్లో నున్నగా, తడిగా మెరిసే గులాబీ కాలనీలు వచ్చాయి. మైక్రోస్కోప్ కింద కోలగా ఉన్న కణాలు, కొన్నింటికి పక్కన చిన్న మొగ్గలు కనిపించాయి.

ద్రవ మీడియంలో పెంచి సెంట్రిఫ్యూజ్ చేస్తే ట్యూబు అడుగున చక్కటి రొయ్యరంగు కణాల ముద్ద (పెల్లెట్) దిగింది. దాని మీద అసిటోన్ పోసి రాత్రంతా ఉంచాను. పొద్దున చూస్తే అసిటోన్ దాదాపు తెల్లగానే ఉంది, రంగంతా పెల్లెట్‌లోనే ఉండిపోయింది. వచ్చే నెల రివ్యూ ఉంది, టెన్షన్‌గా ఉంది. రంగు బయటికి రావాలంటే ఏం చేయాలి?

ల్యాబ్_పాతకాపు:
తమ్ముడూ, ముందు టెన్షన్ తీసెయ్. ఇది ఈ పని మొదలుపెట్టిన ప్రతి ఒక్కరికీ ఎదురయ్యేదే.

నువ్వు చెప్పిన లక్షణాలను బట్టి అది రోడోటోరులా అనే ఈస్ట్ అయ్యే అవకాశం ఎక్కువ. ఆకుల మీద, మట్టిలో, గాలిలో, బాత్రూమ్ గోడల తడిలో కూడా ఇది ఉంటుంది. అయినా పేరు ఖాయం చేసుకున్నాకే ముందుకు వెళ్లు. యూరియాను విడగొట్టే ఎంజైమ్ ఉందో లేదో చూసే యూరియేజ్ టెస్టు చెయ్, రోడోటోరులా అయితే పాజిటివ్ రావాలి. గ్యాస్ పట్టే చిన్న బోర్లా ట్యూబు (డర్హామ్ ట్యూబు) పెట్టి గ్లూకోజ్‌లో చూడు, గ్యాస్ రాకూడదు, ఎందుకంటే ఇది పులియబెట్టే ఈస్ట్ కాదు. వీలుంటే జాతిని గుర్తించే డీఎన్ఏ పరీక్షకి (ఐటీఎస్ సీక్వెన్సింగ్) పంపించు. సెర్రేషియా అనే బ్యాక్టీరియా కూడా ఎర్రటి కాలనీలే ఇస్తుంది. నీకు మొగ్గలు కనిపించాయి కాబట్టి ఆ అనుమానం తక్కువే, కానీ రివ్యూలో మొదట అడిగేది ఇదే.

ఇక రంగు సంగతి. ఈ ఈస్ట్‌లో ఉండేవి కెరోటినాయిడ్లు, అంటే పసుపు, నారింజ, ఎరుపు రంగులిచ్చే వర్ణకాలు: టోరులీన్, టోరులారోడిన్, బీటా కెరోటిన్, కొంచెం గామా కెరోటిన్. ఇవి కణం లోపల, కొవ్వు ఉన్న చోట ఉంటాయి. మీడియంలోకి వాటంతట అవి రావు. చుట్టూ గ్లూకాన్, మానాన్, కైటిన్‌తో మందంగా కట్టిన కణకవచం ఉంటుంది. పైగా నీ పెల్లెట్ తడిగా ఉంది. పొట్టు తీయని వడ్లను ఎంతసేపు ఉడకబెట్టినా అన్నం అవుతుందా? ముందు పొట్టు పగలాలి. ఇక్కడ కణకవచం పగలాలి, అప్పుడే అసిటోన్‌కి పని.

ఓరుగల్లు_మైక్రో:
సార్, థాంక్స్. పగలగొట్టడానికి మా ల్యాబ్‌లో సోనికేటర్ లేదు. హోమోజినైజర్ అసలే లేదు. ట్యూబును గిరగిరా తిప్పి కలిపే వోర్టెక్స్, వాటర్ బాత్, డీప్ ఫ్రీజర్ ఉన్నాయి.

పీహెచ్‌డీ_ప్రయాణం:
అవి చాలు. నేను వేరే జాతి మీద పనిచేస్తున్నా, పద్ధతి మాత్రం ఇదే. మా ల్యాబ్‌లో రెండు దారులు వాడతాం.

మొదటిది ఆమ్లం దారి. పెల్లెట్‌ను రెండుసార్లు డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, ఒక నార్మల్ (1N) గాఢత ఉన్న హైడ్రోక్లోరిక్ ఆమ్లం కొద్దిగా పోసి, మరిగే వాటర్ బాత్‌లో కొన్ని నిమిషాలు ఉంచి, వెంటనే ఐసులో పెట్టాలి. తర్వాత ఆమ్లం పూర్తిగా పోయేదాకా నీళ్లతో కడగాలి. చాలామంది ఈ కడగడం దగ్గరే తొందరపడతారు. ఆమ్లం మిగిలితే అసిటోన్ పోసిన తర్వాత కెరోటినాయిడ్ నీ కళ్ల ముందే పాడవుతుంది. లిట్మస్ పెట్టి చూసుకో. ఫ్యూమ్ హుడ్ లేకుండా ఈ పని చేయొద్దు.

రెండోది డీఎంఎస్ఓ అనే ద్రావణి. దాన్ని 55 డిగ్రీల దాకా వేడి చేసి పెల్లెట్ మీద పోసి, వోర్టెక్స్ చేసి, కాసేపటికి అసిటోన్ కలిపితే రంగు సాఫీగా దిగుతుంది. ఆమ్లంతో పోలిస్తే వర్ణకానికి దెబ్బ తక్కువ. గ్లోవ్స్ తప్పనిసరి, ఎందుకంటే డీఎంఎస్ఓ చర్మంలోంచి లోపలికి పోతుంది, తనలో కరిగి ఉన్నవాటిని కూడా తీసుకుపోతుంది.

ఈ రెండూ వద్దనుకుంటే అర మిల్లీమీటరు గాజుపూసలు. పెల్లెట్‌లో అసిటోన్, పూసలు వేసి ఒక నిమిషం వోర్టెక్స్, ఒక నిమిషం ఐసు, మళ్లీ వోర్టెక్స్. చెయ్యి నొప్పి పుడుతుంది కానీ ఎక్కువ వేడి, ఘాటు రసాయనం ఏదీ ఉండదు. డీప్ ఫ్రీజర్‌లో గడ్డకట్టించి కరిగించడం ఒక్కటే చేస్తే ఈ జాతికి సరిపోదు. దాన్ని పూసలకు ముందు తోడుగా వాడుకో.

ఏ దారిలో పోయినా పెల్లెట్ వెలిసిపోయేదాకా అసిటోన్ మార్చి మార్చి తీయాలి. ఆ అసిటోన్లన్నీ ఒకే సీసాలో కలుపుకో.

ల్యాబ్_పాతకాపు:
ఇంకో రెండు మాటలు. ట్యూబులకు అల్యూమినియం ఫాయిల్ చుట్టు, లైట్లు తగ్గించుకుని పనిచెయ్. కెరోటినాయిడ్లకు వెలుతురు, గాలి, వేడి మూడూ పడవు. కొద్దిగా బీహెచ్‌టీ కలిపితే ఆక్సీకరణ తగ్గుతుంది.

అసిటోన్ ఆవిరికి మంట దూరం నుంచే అంటుకుంటుంది. అదే గదిలో స్పిరిట్ ల్యాంప్ గానీ బన్సెన్ బర్నర్ గానీ వెలగకూడదు. మిగిలిన అసిటోన్‌ను సింక్‌లో పారబోయకుండా డబ్బాలో దాచి ల్యాబ్ వేస్టుకి ఇవ్వాలి. పాఠాల్లో ఎవరూ చెప్పరు గానీ నేను చేరిన ప్రతి విద్యార్థికీ మొదటిరోజు చెప్పేది ఇదే.

హన్మకొండ_బేకింగ్:
నేను ఇంట్లో కేకులు చేస్తాను. సింథటిక్ రంగులు మానేద్దామని చూస్తున్నా. మామూలు బేకరీ ఈస్ట్ నుంచి ఇలా రంగు వస్తుందా? లేదంటే ఈ గులాబీ ఈస్ట్‌ను ఇంట్లో పెంచుకోవచ్చా?

పీహెచ్‌డీ_ప్రయాణం:
అక్కా, బేకరీ ఈస్ట్‌లో కెరోటినాయిడ్లు తయారు చేసే జన్యువులే లేవు. అందుకే అది మీగడ రంగులో ఉంటుంది. కల్లులో ఉండే ఈస్ట్ కూడా ఎక్కువగా ఆ కుటుంబమే. దానికి ముడిసరుకు మాత్రం ఉంది, అది తన కణపొరకు కావాల్సిన ఎర్గోస్టెరాల్ చేసుకునే దారి సగం వరకు కెరోటినాయిడ్ల దారే. అందుకే 2007లో వేరే ఎర్ర ఈస్ట్ నుంచి జన్యువులు తెచ్చి బేకరీ ఈస్ట్‌లో పెట్టి బీటా కెరోటిన్ చేయించారు. అది జన్యుమార్పిడి పని, ఇంట్లో అయ్యేది కాదు.

బేకరీ ఈస్ట్‌లో అడెనిన్ తయారీ చెడిన మ్యూటెంట్లు ఎర్రగా కనిపిస్తాయి. ఆ ఎరుపు కెరోటినాయిడ్ కాదు, సగంలో ఆగిపోయిన పదార్థం పోగుపడటం వల్ల వచ్చేది. ఎవరైనా ఆ ఫొటో చూపించి సహజ రంగు అంటే నమ్మొద్దు.

జగిత్యాల_డాక్టర్:
గులాబీ ఈస్ట్‌ను వంటింట్లో పెంచడం గురించి నేను గట్టిగానే చెబుతాను: వద్దు. రోడోటోరులా ముసిలాజినోసా ఆరోగ్యంగా ఉన్నవాళ్లను సాధారణంగా ఏమీ చేయదు. కానీ క్యాన్సర్ మందులు వాడేవాళ్లకు, రక్తనాళంలో చాలాకాలం క్యాథెటర్ ఉన్నవాళ్లకు రక్తంలోకి చేరి ఇన్ఫెక్షన్ తెస్తుంది. శిలీంధ్రాలకు వాడే ఫ్లూకోనజోల్ దీనిమీద పనిచేయదు, ఎకినోక్యాండిన్లు అనే మందులూ పనిచేయవు. ఆంఫోటెరిసిన్ లాంటి మందుల దాకా పోవాల్సి వస్తుంది. ఇంట్లో షుగర్ ముదిరిన పెద్దవాళ్లో, కీమో నడుస్తున్నవాళ్లో ఉంటే ఆలోచించండి.

ప్రాజెక్టు చేస్తున్న తమ్ముడు కూడా వాడేసిన ప్లేట్లు, ఫ్లాస్కులు ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర చంపాకే పారేయాలి.

ల్యాబ్_పాతకాపు:
డాక్టర్ గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నా. కేకులకు అయితే అనుమతి ఉన్న సహజ రంగులు బజార్లో దొరుకుతున్నాయి: పసుపు నుంచి కర్క్యుమిన్, అనాటో, బీటా కెరోటిన్, రిబోఫ్లేవిన్. బీట్‌రూట్ పొడి ఎలాగూ ఉంది. రిబోఫ్లేవిన్ కూడా సూక్ష్మజీవుల నుంచే చేస్తారు, యాష్బియా గాసిపీ అనే శిలీంధ్రం అందుకు పేరున్నది. బీటా కెరోటిన్‌ను బ్లేకెస్లియా ట్రైస్పోరా అనే బూజు నుంచి పెద్ద ఎత్తున తీస్తారు. అంటే సూక్ష్మజీవి రంగు తినడానికి పనికిరాదని కాదు, ఏ జీవి, ఎంత శుద్ధి, ఏ పరీక్షలు అన్నది ముఖ్యం.

ఆన్‌లైన్‌లో రెడ్ ఈస్ట్ రైస్ అని అమ్ముతారు, దాంతో రంగు వేద్దామని కూడా కొందరు అడుగుతుంటారు. అన్నం మీద మొనాస్కస్ అనే బూజు పెంచితే వచ్చేది అది. అందులో కొన్ని రకాలు సిట్రినిన్ అనే విషాన్ని చేస్తాయి, అది కిడ్నీలకు హాని. కొలెస్ట్రాల్ మందులాంటి పదార్థం కూడా ఉంటుంది. పిల్లల కేకులో వేసే వస్తువు కాదు.

కొత్తవాడ_మగ్గం:
నమస్తే. మాది కొత్తవాడ, ఇంట్లో మూడు తరాలుగా దర్రీలు నేస్తున్నాం. 2018లో వరంగల్ దర్రీలకు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చినప్పటి నుంచి సహజ రంగుల దర్రీ కావాలని అడిగే గిరాకీ వస్తోంది. ఈ ఈస్ట్ రంగు నూలుకి పడుతుందా? మీరు చెప్పిన ఆ రొయ్యరంగు మస్తుగుంది.

పీహెచ్‌డీ_ప్రయాణం:
అన్నా, ఉన్నదున్నట్టు చెబుతా. నూలుకి పడదు. కెరోటినాయిడ్ నీళ్లలో కరగదు, నూలు పోగుకి దాన్ని పట్టుకునే గుణం లేదు. ఏదో ఎమల్షన్ చేసి అద్దినా, ఎండలో ఆరేస్తే కొద్ది రోజులకే వెలిసిపోతుంది. ఏళ్ల తరబడి నేలమీద పరిచే దర్రీకి అది అన్యాయం.

సూక్ష్మజీవుల రంగుల్లో బట్టకు పనికొచ్చేది వెతికితే సెర్రేషియా చేసే ఎర్ర వర్ణకం ప్రోడిజియోసిన్ మీద కొంత పని జరిగింది. పట్టుకి, ఉన్నికి, కొన్ని సింథటిక్ పోగులకు పడుతుంది. దానికీ ఎండ పడదు. నూలుకి ఇవాళ్టికీ నమ్మకమైనది కరక్కాయ, పటికతో పోగును ముందుగా సిద్ధం చేసి మంజిష్ఠ లాంటి వాటితో అద్దడమే. నీలానికి నీలిమందు ఉండనే ఉంది.

కొత్తవాడ_మగ్గం:
కరక్కాయ సంగతి మా తాత చెప్పేవాడు. ముందే తెలిసింది, మంచిదైంది. ఒక కంపెనీ అతను మొన్న మా సంఘం దగ్గరకు వచ్చి సూక్ష్మజీవుల రంగు, అస్సలు పోదు, లీటరు ఇంత అని రేటు చెప్పి వెళ్లాడు. ఏ జీవి, ఏ వర్ణకం అని అడిగితే చెప్పలేదు. ఇప్పుడు అడగాల్సిన ప్రశ్నలు తెలిశాయి.

ల్యాబ్_పాతకాపు:
ఒక చిన్న గుడ్డముక్క అద్ది, సగం అట్టతో కప్పి మన మే నెల ఎండలో వారం పెట్టండి. సబ్బుతో ఉతికి కూడా చూడండి. అతను ఒప్పుకోకపోతే అక్కడితో వదిలేయండి.

ఎనుమాముల_మిర్చి:
చాలా మంచి చర్చ. నేను ఎనుమాముల మార్కెట్లో మిర్చి వ్యాపారంలో ఉన్నా. మా చపాటా మిర్చికి కారం తక్కువ, రంగు ఎక్కువ. దాన్నుంచి ఒలియోరెజిన్ అనే చిక్కటి సారం తీసే వాళ్లు ఆ రంగు కోసమే కొంటారు. మిర్చి ఎరుపు కూడా కెరోటినాయిడే అంటారు కదా. చేనులో ఇంత రంగు పండుతుంటే ఫ్లాస్కుల్లో ఈస్ట్ పెంచి తీయడం ఎందుకు? తప్పుపట్టడానికి కాదు, నిజంగా తెలుసుకుందామని అడుగుతున్నా.

పీహెచ్‌డీ_ప్రయాణం:
అన్నా, చాలా సరైన ప్రశ్న. తమ్ముడి రివ్యూలో కూడా ఇది వస్తుంది, కాబట్టి వివరంగా చెబుతా.

మిర్చిలో ఉండేది ప్రధానంగా క్యాప్సాంథిన్ అనే కెరోటినాయిడ్. మంచి ఎండుమిర్చిలో మొత్తం కెరోటినాయిడ్లు కిలోకి గ్రాముల లెక్కన ఉంటాయి. అడవి రకం రోడోటోరులాలో గ్రాము ఎండు కణాలకు వంద రెండువందల మైక్రోగ్రాములు ఉంటే బాగానే ఉన్నట్టు. అంటే కిలో ఎండు ఈస్ట్‌కు గ్రాములో ఐదో వంతు. ఒక లీటరు ఫ్లాస్కు కల్చర్ నుంచి ఐదు నుంచి పది గ్రాముల ఎండు కణాలు వస్తే, చేతికొచ్చే వర్ణకం ఒకటి రెండు మిల్లీగ్రాములు. ఎరుపు రంగు ఒక్కటే కావాలంటే మిర్చితో ఈస్ట్ పోటీ పడలేదు.

మరి ఎందుకంటే, టోరులీన్, టోరులారోడిన్ మిర్చిలో ఉండవు, పంటల్లో దొరకవు. టోరులారోడిన్ యాంటీఆక్సిడెంట్ గుణం మీద చాలా పరిశోధన జరుగుతోంది. ఇంకొకటి ఫాఫియా రోడోజైమా అనే ఎర్ర ఈస్ట్. 1960ల చివర్లో హెర్మన్ ఫాఫ్ బృందం జపాన్‌లో, అలాస్కాలో చెట్ల నుంచి కారే రసంలో దీన్ని కనిపెట్టింది. ఇది అస్టాజాంథిన్ అనే కెరోటినాయిడ్ చేస్తుంది, సాల్మన్ చేప కండకు, రొయ్యలకు ఎరుపు ఇచ్చేది అదే. అమెరికాలో సాల్మన్ మేతలో రంగు కోసం ఫాఫియా ఈస్ట్‌కు 2000లో అనుమతి ఇచ్చారు. మ్యూటేషన్లు చేసి ఎంచుకున్న రకాలు అడవి రకం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఇస్తాయి. కాకపోతే దానికి 20 డిగ్రీల చుట్టుపక్కల చల్లదనం కావాలి. ఓరుగల్లు ఎండాకాలంలో ఆ చల్లదనానికి కరెంటు బిల్లే సగం ఖర్చు. రోడోటోరులా మన 28 డిగ్రీల గదిలో హాయిగా పెరుగుతుంది, మనలాంటి చోట దాని మీద పనిచేయడంలో ఉన్న లాభం అదే.

కరీంనగర్_కోళ్లఫారం:
గుడ్డు పచ్చసొన రంగు కోసం ఈ ఈస్ట్‌ను నేరుగా దాణాలో కలపొచ్చా? రంగు తీసే తంటా ఉండదు కదా.

ల్యాబ్_పాతకాపు:
ఆలోచన మంచిదే, దాని మీద పరిశోధనలూ ఉన్నాయి. రెండు అడ్డంకులు. కణకవచం పగలకపోతే కోడి కడుపులో కూడా రంగు సరిగా బయటపడదు. ఫాఫియా మేతను కూడా కణాలు పగలగొట్టి ఎండబెడతారు. రెండోది, బీటా కెరోటిన్‌ను కోడి చాలావరకు విటమిన్ ఏగా మార్చుకుంటుంది, సొనకు రంగు రాదు. ల్యూటిన్, జియాజాంథిన్ లాంటి పసుపు కెరోటినాయిడ్లు కావాలి. అవి పచ్చ మక్కల్లో ఉన్నాయి, బతుకమ్మకి వాడే బంతిపూలలో ఇంకా ఎక్కువ ఉన్నాయి. మీకు దగ్గర్లో దొరికేవి అవే. అనుమతి లేని ఈస్ట్‌ను ఫారంలో దింపొద్దు.

ఓరుగల్లు_మైక్రో:
అందరికీ చాలా చాలా థాంక్స్. యూరియేజ్ పాజిటివ్ వచ్చింది, డర్హామ్‌లో గ్యాస్ లేదు. గాజుపూసలతో చేశాను, తర్వాత డీఎంఎస్ఓతో కూడా చేశాను. డీఎంఎస్ఓలో పెల్లెట్ పూర్తిగా వెలిసిపోయింది, అసిటోన్ ముదురు నారింజ రంగుకి వచ్చింది. ఆ ట్యూబు చూసి మా క్లాసువాళ్లంతా వచ్చారు.

ఇప్పుడు కొలవాలి. స్పెక్ట్రోఫోటోమీటర్‌లో ఏ తరంగదైర్ఘ్యం పెట్టాలి? లెక్క ఎలా వేయాలి?

పీహెచ్‌డీ_ప్రయాణం:
శభాష్! ముందు అసిటోన్ నుంచి పెట్రోలియం ఈథర్‌లోకి మార్చు. సెపరేటింగ్ ఫన్నెల్‌లో రెండూ పోసి ఉప్పునీళ్లు కలిపితే అసిటోన్, డీఎంఎస్ఓ నీళ్లతో కిందికి పోతాయి, రంగు పైపొరలోకి ఎక్కుతుంది. నీళ్లతో రెండు మూడుసార్లు కడిగి, పైపొరను అన్‌హైడ్రస్ సోడియం సల్ఫేట్ మీదుగా పంపితే తడి పోతుంది.

తర్వాత ఒకే అంకె దగ్గర చదవకుండా 350 నుంచి 600 నానోమీటర్ల దాకా స్కాన్ తియ్యి. కెరోటినాయిడ్ అయితే మూడు శిఖరాలు కనిపిస్తాయి. నడిమి శిఖరం 450 దగ్గర ఉంటే బీటా కెరోటిన్ ఎక్కువ, 485 చుట్టూ ఉంటే టోరులీన్, ఇంకా కుడివైపు జరిగితే టోరులారోడిన్. ఈ బొమ్మ రిపోర్టులో పెడితే అడిగేవాళ్లకు సగం జవాబు దొరుకుతుంది.

లెక్కకి బీటా కెరోటిన్ సమానంగా చెప్పడం ఆనవాయితీ. పెట్రోలియం ఈథర్‌లో 450 దగ్గర గుణకం 2592. శోషణను ద్రావణం మిల్లీలీటర్లతో గుణించి, మళ్లీ 10,000తో గుణించి, దాన్ని 2592, ఎండు కణాల గ్రాములు కలిపి గుణించిన దానితో భాగించు. ఉదాహరణకు శోషణ 0.52, ద్రావణం 10 మి.లీ., ఎండు కణాలు అర గ్రాము అనుకో: గ్రాముకి దాదాపు 40 మైక్రోగ్రాములు. ఇది ఆ ద్రావణికి చెందిన గుణకం, అసిటోన్‌లో చదివి ఇదే అంకె వేస్తే లెక్క తప్పుతుంది. రీడింగ్ ఒకటి దాటితే పలచన చేసి చదువు.

ల్యాబ్_పాతకాపు:
టీఎల్‌సీ (పలుచటి పొర మీద రంగులను విడదీసే పద్ధతి) కూడా వెయ్. బీటా కెరోటిన్ అన్నిటికంటే పైకి పోతుంది, దాని కింద టోరులీన్, టోరులారోడిన్ అడుగునే నిలుస్తుంది. కారణం, దానికి కార్బాక్సిల్ గుంపు ఉంది. ఎవరైనా నిన్ను క్షారంతో సపోనిఫికేషన్ చేసి కొవ్వు తీసేయమంటే ఇది గుర్తుపెట్టుకో: టోరులారోడిన్ లవణంగా మారి నీటి పొరలోకి జారుకుంటుంది. ఆ నీళ్లు పారబోస్తే నీ ఎర్రటి వర్ణకం పోయినట్టే. ఆమ్లం కలిపి వెనక్కి లాగాలి.

ఓరుగల్లు_మైక్రో:
సార్, ఇంకొక్కటే. దిగుబడి పెంచాలంటే ఏం మార్చాలి? మా గైడ్ చవకైన మీడియం ప్రయత్నించమంటున్నారు. రైస్ మిల్లు నూకలు వాడదామా?

ల్యాబ్_పాతకాపు:
నూకల్లో ఉన్నది పిండిపదార్థం. చాలా రోడోటోరులా రకాలు దాన్ని నేరుగా సరిగా వాడుకోలేవు, ముందు అమైలేజ్‌తో చక్కెరగా మార్చాలి. నీకున్న సమయానికి బెల్లం మేలు. బెల్లం నీళ్లు వడగట్టి, చక్కెర రెండు నుంచి నాలుగు శాతం ఉండేలా పలచన చేసి, నత్రజనికి అమ్మోనియం సల్ఫేట్ గానీ యూరియా గానీ కొద్దిగా కలుపు. యూరియేజ్ ఉంది కాబట్టి యూరియా దీనికి పనికొస్తుంది. యూరియాను విడిగా ఫిల్టర్ చేసి కలుపు, ఆటోక్లేవ్‌లో అది విడిపోతుంది. బెల్లం గోధుమరంగు కణాలకు అంటుకుంటుంది, కడగడం ఎక్కువసార్లు చెయ్.

పీహెచ్‌డీ_ప్రయాణం:
నత్రజని తగ్గి చక్కెర మిగిలి ఉన్నప్పుడు ఈ ఈస్ట్ కొవ్వును, దాంతోపాటు రంగును పోగేసుకుంటుంది. కాబట్టి కణాలు బాగా పెరిగాక కూడా ఒకటి రెండు రోజులు ఆగు, నాలుగైదు రోజుల కల్చర్‌లో రంగు ముదురుతుంది. గాలి మాత్రం నిండుగా ఉండాలి: 250 మి.లీ. ఫ్లాస్కులో 50 మి.లీ.కి మించి పోయకు, దూది బిరడా పెట్టు, షేకర్ వేగం నిమిషానికి 150 చుట్ల కంటే తగ్గించకు. తెల్ల ఎల్ఈడీ వెలుతురు కింద ఒక సెట్, చీకట్లో ఒక సెట్ పెట్టి పోల్చు. బయటికి తీసిన రంగుకి వెలుతురు పడదు గానీ, పెరుగుతున్న కణాల్లో చాలా రకాలకు వెలుతురుకి రంగు పెరుగుతుంది, నీ రకం ఏం చేస్తుందో నీ డేటా చెప్పాలి.

ఒక్కోసారి రంగు గ్రాముకి పెరిగి, మొత్తం కణాలు తగ్గుతాయి. అందుకే గ్రాముకి ఎంత, లీటరుకి ఎంత, రెండూ రాయి.

ఓరుగల్లు_మైక్రో:
బెల్లం మీడియం రేపు పెడతాను. తీసిన రంగును రివ్యూ దాకా ఎలా దాచాలి?

ల్యాబ్_పాతకాపు:
ద్రావణిని రోటరీ ఎవాపరేటర్‌లో 40 డిగ్రీలు దాటకుండా తీసెయ్, అది లేకపోతే నైట్రోజన్ ఊదుతూ ఆరబెట్టు. గోధుమరంగు సీసాలో పైన నైట్రోజన్ నింపి, మూత బిగించి, మైనస్ 20లో పెట్టు. రివ్యూ రోజు పొద్దున ఒక సీసా మాత్రమే బయటికి తీసి పెట్రోలియం ఈథర్‌లో కరిగించి మళ్లీ స్కాన్ చెయ్, మొదటి రోజు స్కాన్ పక్కన పెట్టు. శిఖరాలు అలాగే ఉంటే నీ నిల్వ బాగున్నట్టు. మిగతా పెల్లెట్‌ను కూడా అలాగే ఫ్రీజ్ చేసి ఉంచు, ఎవరైనా మళ్లీ తీసి చూపించమంటే ఉంటుంది.